విస్తరణ కార్డుల శీతలీకరణ: వాటర్ బ్లాకులు, హీట్‌సింకుల మార్పుచేర్పులు

కంప్యూటర్ మదర్‌బోర్డు మీది స్లాట్లలో గుచ్చే గ్రాఫిక్స్ కార్డు, స్టోరేజి కంట్రోలర్, నెట్‌వర్క్ కార్డు వంటివాటిని విస్తరణ కార్డులు అంటారు. ఒక చిప్పు కోసం తయారైన వాటర్ బ్లాకునో (లోపల నీళ్లు పారే లోహపు దిమ్మె) హీట్‌సింకునో (వేడిని గాలిలోకి వదిలే రేకుల లోహం) కోసి, రుద్ది, బెజ్జాలు మార్చి, కొత్త బిగింపు అమర్చి ఈ కార్డుల మీద వాడుకోవడం కంప్యూటర్ ఔత్సాహికుల్లో పాతికేళ్లకు పైగా సాగుతున్న చేతిపని. ఎక్కువమంది పెద్ద చిప్పును చల్లబరచడం గురించే ఆలోచిస్తారు. నిజానికి అది ఇందులో తేలిక భాగం. కార్డు ఎన్నాళ్లు బతుకుతుందో తేల్చేవి ఆ చిప్పు చుట్టూ ఉండే చిన్న భాగాలూ, లోహానికీ చిప్పుకూ మధ్య మిగిలే సన్నని సందూ.

వేడి ఎంత

పాత పీసీఐ స్లాటులో కూర్చున్న కార్డు గరిష్ఠంగా 25 వాట్లు మాత్రమే తీసుకోవచ్చు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ గ్రాఫిక్స్ స్లాటు 75 వాట్లు ఇస్తుంది. దానికి తోడు ఆరు పిన్నుల తీగ మరో 75, ఎనిమిది పిన్నుల తీగ 150 అందిస్తాయి. 2022లో వచ్చిన కొత్త రకం కనెక్టర్ ఒక్కటే 600 వాట్ల దాకా మోయగలదు. అదే ఏడాది విడుదలైన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డుకు నిర్ణయించిన శక్తి 450 వాట్లు. కార్డు తీసుకున్న కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. 1996లో వచ్చిన 3డీఎఫ్ఎక్స్ వూడూ కార్డుల్లో చాలావాటికి అసలు హీట్‌సింకే ఉండేది కాదు. 2003లో ఎన్విడియా తెచ్చిన జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా రెండు స్లాట్ల జాగా ఆక్రమించింది. దాని ఫ్యాను మోతను ఆనాటి సమీక్షకులు ఇంకా గుర్తుపెట్టుకున్నారు. ఔత్సాహికులు ఫ్యాక్టరీ కూలర్లను ఊడదీసి సొంత ఏర్పాట్లు చేసుకోవడం ఊపందుకున్నది ఇంచుమించు ఆ రోజుల్లోనే.

300 వాట్ల వేడిని గాలితో బయటికి పంపాలంటే, లోపలికొచ్చే గాలికీ బయటికెళ్లే గాలికీ 10 డిగ్రీల తేడా అనుకున్నా, సెకనుకు సుమారు 26 లీటర్ల గాలి హీట్‌సింకు రేకుల మధ్యనుంచి పారాలి. అదే పని నీటితో చేయిస్తే నిమిషానికి ఒక లీటరు ప్రవాహానికి నీరు వేడెక్కేది నాలుగున్నర డిగ్రీల లోపే. నాలుగు లీటర్లు పారితే ఒక డిగ్రీ చిల్లర. ఒకే ఘనపరిమాణంలో నీరు గాలికంటే సుమారు మూడున్నర వేల రెట్లు వేడిని మోస్తుంది కనుక ఇది సాధ్యం. నీళ్లు తిరిగే వలయంలో ముందు సీపీయూ పెట్టాలా, గ్రాఫిక్స్ కార్డు పెట్టాలా అన్న చర్చకు పెద్దగా విలువ లేకపోవడానికి కారణం కూడా ఈ లెక్కే. నీళ్లు తిరుగుతూ ఉన్నంతసేపూ వలయంలో ఏ చోటైనా ఉష్ణోగ్రత ఇంచుమించు ఒక్కటే.

పుట్టుపూర్వోత్తరాలు

నీటితో చిప్పులను చల్లబరచడం ఔత్సాహికులు కనిపెట్టింది కాదు. 1980లో ఐబీఎం ప్రకటించిన 3081 మెయిన్‌ఫ్రేమ్‌లో చిప్పుల గుత్తి మీద నీటితో చల్లబడే పలక ఉండేది. 1981లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో టకర్‌మన్, పీస్ అనే పరిశోధకులు సిలికాన్‌లోనే వెంట్రుక సన్నని కాలువలు చెక్కి, చదరపు సెంటీమీటరుకు 790 వాట్ల వేడిని నీటితో లాగవచ్చని చూపించారు. కాలువ ఎంత సన్నగా ఉంటే గోడకీ నీటికీ మధ్య వేడి అంత సులువుగా దాటుతుందన్నది అందులోని సారం. ఇవాళ బజారులో దొరికే వాటర్ బ్లాకుల లోపల రాగిపలక మీద మిల్లీమీటరులో చిన్న భాగం వెడల్పుతో చెక్కిన గాళ్లు ఆ ఆలోచనకు వారసులే.

ఇంటి కంప్యూటర్లలోకి నీటిని తెచ్చినవాళ్లు మాత్రం చేతికందిన సామానుతో మొదలుపెట్టారు. అమెరికాలో 2000 ప్రాంతపు ఔత్సాహికులకు 1977 నాటి పాంటియాక్ బోన్‌విల్ కారులోని హీటర్ కోర్ మంచి రేడియేటరుగా దొరికింది. పంపుగా జర్మనీకి చెందిన ఐహైమ్ అక్వేరియం పంపులు పనికొచ్చాయి. బ్లాకులను చాలామంది రాగి దిమ్మెలో డ్రిల్లుతో కాలువలు తొలిచి, చివరలు టంకంతో మూసి సొంతంగా చేసుకున్నారు. ఆ తర్వాత డేంజర్ డెన్, స్విఫ్ట్‌టెక్, కూలెన్స్ వంటి సంస్థలు, ఐరోపాలో ఆల్ఫాకూల్, ఆక్వా కంప్యూటర్, ఈకే వంటివి తయారు సరుకు అమ్మడం మొదలుపెట్టాయి. అయినా మార్పుచేర్పుల అవసరం తీరలేదు. కార్డులు ఏడాదికో రెండేళ్లకో మారిపోతాయి. ఒక కార్డు కోసం కొన్న బ్లాకు తర్వాతి కార్డుకు సరిపోదు, కానీ అందులోని రాగి ఏమీ పాతబడదు. ఈ చేతిపనికి మూలం ఆ చిన్న నిజం.

సందు లెక్క

ఈ విషయంలో అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది సందు గురించి. గ్రాఫిక్స్ చిప్పు వైశాల్యం 500 చదరపు మిల్లీమీటర్లు, దాని వేడి 300 వాట్లు అనుకుందాం. మధ్యలో 0.05 మిల్లీమీటర్ల మందాన ఒక మోస్తరు థర్మల్ పేస్ట్ (వేడిని దాటించే ముద్ద) ఉంటే ఆ పొర దగ్గర పోయే ఉష్ణోగ్రత 6 డిగ్రీలు. బ్లాకు ఏ కెపాసిటరుకో తగులుకుని చిప్పు మీద పూర్తిగా కూర్చోక అర మిల్లీమీటరు సందు మిగిలిందని, దాన్ని అదే నాణ్యత గల థర్మల్ ప్యాడుతో నింపామని అనుకుంటే ఆ నష్టం 60 డిగ్రీలు. ఖరీదైన బ్లాకు, పెద్ద రేడియేటరు, మంచి పంపు, అన్నీ కలిసినా ఆ అర మిల్లీమీటరును పూడ్చలేవు.

అదే ప్యాడు మెమరీ చిప్పుల మీద మాత్రం హాయిగా పనిచేస్తుంది. 14 మిల్లీమీటర్లకు 12 మిల్లీమీటర్లుండే మెమరీ చిప్పు ఏ మూడు వాట్లో విడుదల చేస్తే, ఒక మిల్లీమీటరు మందం ప్యాడు గుండా కూడా నష్టం నాలుగు డిగ్రీల లోపే. చిప్పుకు కరెంటునిచ్చే మాస్‌ఫెట్లకు వచ్చేసరికి కథ మళ్లీ మారుతుంది. ఒక్కోటి 5 మిల్లీమీటర్లకు 6 మిల్లీమీటర్లు. అదే మూడు వాట్లకు అదే ప్యాడు దగ్గర 20 డిగ్రీలు పోతాయి. అందుకే చిప్పుకు పేస్ట్, మెమరీకి ప్యాడు, మాస్‌ఫెట్లకు వీలైనంత పలచటి ప్యాడు అన్నది ఆనవాయితీగా స్థిరపడింది. బ్లాకులు తయారుచేసేవారు ఈ మూడు ఎత్తులనూ లెక్కగట్టి అరలు చెక్కుతారు. చేత్తో మార్చుకునేవారు ఆ ఎత్తులను తామే కొలుచుకోవాలి.

కొలవడానికి వెర్నియర్ కాలిపర్ చాలు. అనుమానముంటే చిప్పు మీద పలచగా పేస్ట్ రాసి, బ్లాకును బిగించి, విప్పి చూస్తే అచ్చు కనిపిస్తుంది. చిప్పు అంతటా సమానంగా పలచబడి ఉంటే సందు లేదు. ఒక మూల మందంగా మిగిలితే బ్లాకు వాలి కూర్చుందని అర్థం. 2017 నాటి ఏఎండీ వేగా కార్డుల్లో చిప్పు పక్కనే అదే ప్యాకేజీ మీద మెమరీ కూడా ఉండేది. వేర్వేరు చోట్ల ప్యాక్ చేసిన రకాల్లో ఆ మెమరీ ఎత్తు కొన్ని పదుల మైక్రాన్ల మేర తేడాగా వచ్చేది. కంటికి కనబడని ఆ తేడా వల్ల ఒకే బ్లాకు ఒక కార్డు మీద చక్కగా పనిచేసి, మరొక దాని మీద మెమరీని ఉడికించేది.

వాటర్ బ్లాకుల మార్పు

గ్రాఫిక్స్ కార్డులకు రెండు రకాల బ్లాకులుంటాయి. చిప్పును మాత్రమే కప్పేది సార్వత్రిక బ్లాకు. మెమరీ, విద్యుత్ భాగాలతో సహా కార్డంతా కప్పేది పూర్తి కవచం. రెండోది ఒక్క నమూనా కార్డుకే సరిపోతుంది. మొదటిది చాలా కార్డులకు మారుతూ ఏళ్ల తరబడి పనికొస్తుంది. మార్పుచేర్పుల్లో ఎక్కువ భాగం మొదటి రకం చుట్టూ, లేదా సీపీయూ బ్లాకునే తెచ్చి కార్డుకు తగిలించడం చుట్టూ తిరుగుతుంది.

సీపీయూ బ్లాకును కార్డుకు బిగించాలంటే ముందుగా బెజ్జాల దూరం చూడాలి. గ్రాఫిక్స్ చిప్పు చుట్టూ నాలుగు బెజ్జాలు చతురస్రంగా ఉంటాయి. సుమారు 53, 58 మిల్లీమీటర్ల దూరాలు తరచుగా కనిపిస్తాయి. సీపీయూ బ్లాకు బిగింపు పట్టీ వీటికంటే పెద్దది కాబట్టి దాన్ని తీసేసి, 3 మిల్లీమీటర్ల అల్యూమినియం లేదా అక్రిలిక్ రేకు నుంచి కొత్త పట్టీ కోస్తారు. హైదరాబాద్ బాలానగర్ వంటి చోట్ల చిన్న మెషిన్ షాపుల్లో ఇలాంటి రేకుకు కొలతలిస్తే మిల్లింగ్ చేసి ఇస్తారు. ఇంట్లో అయితే కాగితం మీద నమూనా గీసి, రేకుకు అంటించి, డ్రిల్లుతో బెజ్జాలు వేసి ఆకురాయితో అంచులు సరిచేస్తే సరిపోతుంది. బ్లాకులోని సన్నగాళ్ల భాగం చిప్పు నడిమిన పడేలా చూడటం ముఖ్యం. గాళ్లు ఒక పక్కకు జరిగితే చిప్పులో సగానికి నీళ్లు అందనట్లే.

మరలకు స్ప్రింగులు తప్పనిసరి. స్ప్రింగు లేకుండా బిగిస్తే ఎంత ఒత్తిడి పడుతోందో చేతికి తెలియదు. చాలా గ్రాఫిక్స్ చిప్పుల మీద సీపీయూలకు ఉన్నట్లు లోహపు మూత ఉండదు. నేరుగా సిలికానే బయటికి ఉంటుంది. ఒక మూల ముందు బిగుసుకుంటే చిప్పు అంచు చిట్లవచ్చు. ఎదురెదురు మరలను సగం చుట్టు చొప్పున మార్చి మార్చి తిప్పుతూ పోవాలి. కార్డు వెనకవైపు మర తలల కింద నైలాన్ లేదా ఫైబర్ వాషర్లు వేయాలి. అక్కడి సన్నటి రాగి గీతలకు లోహం తగిలితే కార్డు కథ ముగిసినట్లే.

2013లో ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ సంస్థ తెచ్చిన క్రాకెన్ జీ10 అనే పట్టీ ఈ చేతిపనిని అంగట్లో సరుకుగా మార్చింది. సీపీయూ కోసం అమ్మే మూతబిగిసిన లిక్విడ్ కూలరును దానితో గ్రాఫిక్స్ కార్డుకు తగిలించవచ్చు. అందులో గమనించదగ్గది, పట్టీతో పాటు 92 మిల్లీమీటర్ల ఫ్యాను కూడా ఇవ్వడం. నీళ్లు చిప్పును చూసుకుంటే, ఆ ఫ్యాను మెమరీనీ మాస్‌ఫెట్లనూ చూసుకుంటుంది. పెద్ద సంస్థలూ ఇదే దారి పట్టాయి. 2014లో ఏఎండీ విడుదల చేసిన 500 వాట్ల ఆర్9 295ఎక్స్2 కార్డులో రెండు చిప్పుల మీదికీ నీళ్లు పోతాయి, నడిమి ఫ్యాను మిగతా భాగాలకు గాలి కొడుతుంది. మరుసటి ఏడాది ఫ్యూరీ ఎక్స్‌లో నీరు పారే రాగి గొట్టాన్నే విద్యుత్ భాగాల మీదుగా తిప్పారు.

ఔత్సాహికులు తరచు మరిచేది ఇదే. పాత కూలరు తీసేసి చిప్పు మీద బ్లాకు పెట్టగానే చిప్పు ఉష్ణోగ్రత 80 నుంచి 50కి దిగుతుంది, తెర మీద ఆ అంకె చూసి తృప్తి పడతారు. కానీ పాత కూలరు ఫ్యానే మాస్‌ఫెట్లకూ గాలినిచ్చేది. ఇప్పుడు వాటికి గాలీ లేదు, నీళ్లూ లేవు. పైగా చాలా కార్డుల్లో వాటికి సెన్సరు ఉండదు. కెపాసిటర్ల సంగతీ అంతే. ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ సుమారు సగం తగ్గుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో స్థిరపడిన సూత్రం. కార్డు ఆ రోజు పోదు, మరో రెండు వేసవులకు పోతుంది. అప్పుడు నేరం బ్లాకుదని ఎవరికీ తట్టదు.

దీనికి మంచి పరిష్కారం పాత కూలరును పూర్తిగా పారేయకపోవడం. చాలా ఫ్యాక్టరీ కూలర్లలో మెమరీ, మాస్‌ఫెట్ల మీద ఆనే అడుగుపలక విడిగా ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి, నడిమి కిటికీని బ్లాకు పట్టేంత వెడల్పు చేసుకుంటే పాత ప్యాడులు, పాత ఎత్తులు అన్నీ నిలుస్తాయి. పలకే లేని కార్డుల్లో చిన్న రాగి లేదా అల్యూమినియం హీట్‌సింకులను థర్మల్ టేపుతో ఒక్కో చిప్పుకూ అంటిస్తారు. చిప్పులు కిందికి చూసేలా అమర్చిన కార్డు మీద టేపు వేడికి వదులై హీట్‌సింకు జారి కింది కార్డు మీద పడే ప్రమాదముంది. రెండు పాళ్ల థర్మల్ ఎపాక్సీ జారదు, కానీ మళ్లీ ఊడదు. వారంటీ మీద ఆశ ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు.

హీట్‌సింకుల మార్పు

గాలితో నడిచే హీట్‌సింకుల మార్పులో మొదటి పని అడుగును నున్నగా రుద్దడం. మందపాటి గాజు పలక మీద ఉప్పు కాగితం పరిచి, నీళ్లు చల్లి, హీట్‌సింకును సమ ఒత్తిడితో రుద్దుతారు. 400 నంబరుతో మొదలై 800, 1200 దాకా పోతే చాలు. అద్దంలా మెరవడం కంటే సమతలంగా ఉండటమే అవసరం. నికెల్ పూత ఉంటే అది పోతుంది, రాగి బయటపడుతుంది. దాంతో నష్టం లేదు.

రుద్దకూడనివీ ఉన్నాయి. హీట్‌పైపులు నేరుగా చిప్పును తాకేలా చేసిన అడుగుల్లో పైపు గోడ చాలా పలచగా ఉంటుంది. ఎక్కువ రుద్దితే బెజ్జం పడుతుంది. 1963లో లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ బృందం అభివృద్ధి చేసిన ఈ హీట్‌పైపు లోపల దాదాపు శూన్యంలో కొద్దిపాటి ద్రవం ఉంటుంది. వేడి చివర ఆవిరై, చల్లని చివర ద్రవమై, లోపలి వత్తి ద్వారా తిరిగొస్తుంది. సూదిమొనంత బెజ్జం పడినా గాలి చొరబడి అది ఉత్త రాగి గొట్టంగా మిగులుతుంది. అందుకే హీట్‌పైపును కోయడం, అదే సూత్రంతో పనిచేసే పలకలాంటి వేపర్ చాంబరుకు డ్రిల్లు పెట్టడం ఎప్పటికీ చేయకూడని పనులు. హీట్‌పైపును వంచవలసివస్తే పెద్ద వంపుగా, గొట్టం నొక్కుకుపోకుండా వంచాలి.

రేకులను కోయడంలో ఇబ్బంది లేదు. పక్క స్లాటులోని కార్డుకు తగులుతున్న రేకులను హ్యాక్‌సాతోనో రోటరీ కట్టరుతోనో తగ్గించవచ్చు. స్లాటుకూ స్లాటుకూ మధ్య దూరం 20.32 మిల్లీమీటర్లని గుర్తుపెట్టుకుంటే ఎంత కోయాలో తేలిపోతుంది. కోసిన అల్యూమినియం పొడి కార్డు మీద ఒక్క రేణువు కూడా మిగలకూడదు. కోసే పని వేరే గదిలో చేసి, హీట్‌సింకును సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాకే కార్డు దగ్గరికి తేవాలి. ఎత్తుగా ఉన్న కెపాసిటర్ల పక్కన లోహం వచ్చే చోట కరెంటు పారనివ్వని కాప్టన్ టేపు అంటిస్తారు.

బరువు కూడా చూసుకోవాలి. రాగి అల్యూమినియానికి మూడు రెట్లకు పైగా బరువు. సీపీయూ హీట్‌సింకును కార్డుకు తగిలిస్తే కార్డు కుంగి, చిప్పు కింది టంకపు గుండ్లు క్రమంగా పగులుతాయి. అడుగున ఒక ఆసరా కడ్డీ పెట్టడం ఖర్చులేని ముందుచూపు.

గ్రాఫిక్స్ కానివి

ఈ కళ అసలు విలువ చిన్న కార్డుల దగ్గర తెలుస్తుంది. ఇంట్లో సర్వర్లు నడిపేవారు ఇష్టపడే ఎల్‌ఎస్‌ఐ 9211 వంటి స్టోరేజి కార్డులు చూడటానికి సాధువులు. చిన్న హీట్‌సింకు ఉంటుంది, ఫ్యాను ఉండదు. కానీ వాటిని తయారుచేసింది సర్వర్ పెట్టెల్లో నిరంతరం వీచే గాలి కోసం. వాటికి కావలసిన గాలి వేగం నిమిషానికి 200 అడుగులు, అంటే సెకనుకు సుమారు ఒక మీటరు. మామూలు డెస్క్‌టాప్ పెట్టెలో అడుగు స్లాటు దగ్గర అంత గాలి ఆడదు. పది గిగాబిట్ నెట్‌వర్క్ కార్డులదీ ఇదే గొడవ. డిస్కులు కారణం లేకుండా మాయమవుతుంటే, నెట్‌వర్క్ తెగి తెగి వస్తుంటే ముందుగా అనుమానించవలసింది ఈ వేడినే.

ఇక్కడ నీళ్లు అవసరం లేదు. హీట్‌సింకు పుష్‌పిన్నులు తీసి, ఎండిపోయిన పేస్ట్ తుడిచి, కొత్తది రాసి, రేకుల మధ్య సందుల్లోకి సన్నటి మరలు దూర్చి 40 మిల్లీమీటర్ల ఫ్యాను బిగిస్తే పని అయిపోతుంది. పాత మదర్‌బోర్డుల చిప్‌సెట్ హీట్‌సింకులు బెజ్జాలు సరిపోతే నేరుగా ఎక్కుతాయి. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ వంటి బజార్లలో పాడైపోయిన బోర్డుల నుంచి ఇలాంటివి దొరకడం కష్టమేమీ కాదు.

సర్వర్ల నుంచి రిటైరై ఇళ్లకు చేరుతున్న ఎన్విడియా టెస్లా కార్డులు మరో తరగతి. 2016 నాటి పీ40 కార్డులో 24 గిగాబైట్ల మెమరీ ఉంటుంది, శక్తి 250 వాట్లు, ఫ్యాను లేదు. కృత్రిమ మేధ భాషా నమూనాలను ఇంట్లోనే నడపాలనుకునే విద్యార్థులకు అందుబాటు ధరలో పెద్ద మెమరీ దొరకడంతో వీటికి గిరాకీ పెరిగింది. 3డీ ప్రింటరుతో గరాటు లాంటి గొట్టం చేయించి, దాని చివర బ్లోయర్ ఫ్యాను పెట్టి కార్డు లోపలికి గాలి తోయడం వీటికి వాడుకలో ఉన్న ఉపాయం. ఒక హెచ్చరిక తప్పనిసరి. ఈ కార్డుకుండే ఎనిమిది పిన్నుల సాకెట్ సీపీయూ రకానిది, గ్రాఫిక్స్ కార్డుది కాదు. రెండింటిలో ప్లస్, మైనస్ స్థానాలు తారుమారుగా ఉంటాయి. దానికోసం అమ్మే అడాప్టరు తీగ వాడకపోతే చల్లబరచడానికి కార్డే మిగలదు.

లోహాలు, నీళ్లు, కారడం

ఒకే వలయంలో రాగి బ్లాకు, అల్యూమినియం రేడియేటరు కలపకూడదు. నీళ్ల సమక్షంలో ఆ రెండూ కలిసి బ్యాటరీలా మారి, అల్యూమినియం కరగడం మొదలవుతుంది. కారు కూలెంటులోని రక్షక రసాయనాలు దాన్ని నెమ్మదింపజేస్తాయేగానీ ఆపలేవు. గేలియం కలిసిన ద్రవలోహపు పేస్టులు అల్యూమినియాన్ని నేరుగా తినేస్తాయి, వాటిని రాగి మీదే వాడాలి. నల్లా నీళ్లు, బోరు నీళ్లు పనికిరావు. ఉప్పులు చేరి సన్నగాళ్లు పూడుకుపోతాయి. స్వేదనజలమే పోసి, నాచు పట్టకుండా మందు కలపాలి.

మూత మార్చిన బ్లాకుకు ఓ-రింగు కొత్తది వేయడం మంచిది. అక్రిలిక్ మూతకు మరను అతిగా బిగిస్తే గొట్టాల కోసం జి 1/4 మర వేసిన చోట నుంచి జుట్టులాంటి చీలిక మొదలవుతుంది. ఎసిటాల్ ప్లాస్టిక్ మూతలు ఇంత సున్నితం కావు. కారుతుందో లేదో చూడటానికి పవర్ సప్లైలో ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి పంపును మాత్రమే ఆడిస్తారు. కార్డుకు, మదర్‌బోర్డుకు కరెంటు ఉండకూడదు. కీళ్ల కింద టిష్యూ కాగితాలు పెట్టి కొన్ని గంటలు వదిలేస్తే ఒక్క చుక్క కారినా కనబడుతుంది. నీళ్లు పోయకముందే అర బార్ దగ్గర గాలి ఒత్తిడి పెట్టి, మీటరు ముల్లు దిగుతుందేమో చూడటం ఇంకా భద్రం. మూతబిగిసిన కూలర్లలో పంపు వలయంలో అన్నిటికంటే ఎత్తైన చోట ఉండకూడదు. గాలి బుడగలు అక్కడే చేరి పంపు పొడిగా తిరుగుతుంది.

నీళ్లు గది ఉష్ణోగ్రత కంటే కిందికి దిగవు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో బయట 45 దాటినప్పుడు, ఏసీ లేని గదిలో నీళ్లు ఆపైనే ఉంటాయి. ఆ లెక్కన రేడియేటరును ఇతర దేశాల సూచనల కంటే ఒక మెట్టు పెద్దది ఎంచుకోవాలి. 120 మిల్లీమీటర్ల ఒక్కో ఫ్యాను జాగాకు 100 నుంచి 150 వాట్లన్నది ప్రచారంలో ఉన్న అంచనా. మన వేసవికి 100 అనుకోవడమే క్షేమం. చిల్లరుతో చల్లబరిచిన నీళ్లు వాడదామంటే విశాఖ, కాకినాడ తీరంలో గాలిలోని తేమ మరో చిక్కు తెస్తుంది. వానల ముందు రోజుల్లో అక్కడ మంచు బిందువు 25 డిగ్రీల పైన ఉంటుంది. బ్లాకు అంతకంటే చల్లబడితే దాని ఒంటినిండా చెమట పట్టి కార్డు మీదికి జారుతుంది.

మార్పు పూర్తయ్యాక పరీక్షను చిప్పు ఉష్ణోగ్రత దగ్గరే ఆపకూడదు. కార్డును పూర్తి భారంతో అరగంట నడిపి, మెమరీ సెన్సరు ఉంటే చూసి, మాస్‌ఫెట్ల వెనకవైపు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతోనో కాప్టన్ టేపుతో అంటించిన థర్మోకపుల్‌తోనో కొలవాలి. ఆర్‌టీఎక్స్ 3090లో సగం మెమరీ చిప్పులు కార్డు వెనకాల ఉన్నాయి. ముందువైపు మంచి బ్లాకు పెట్టినా మెమరీ మీద భారం ఎక్కువైనప్పుడు అవి 110 డిగ్రీల దాకా చేరి కార్డును నెమ్మదింపజేసేవి. వెనక పలక మీద హీట్‌సింకులు పెట్టి ఫ్యాను తిప్పినవాళ్లకూ, వెనకకు కూడా బ్లాకు వేసినవాళ్లకూ అలాంటి పనుల్లోనూ ఆ కార్డు పూర్తి వేగం దక్కింది.